ప్యూరిటీ రింగ్ 'అనదర్ ఎటర్నిటీ': గొంతు ముందుకొచ్చింది, చీకటి వెనక్కి పోయింది

కెనడా ఎలక్ట్రానిక్ పాప్ బ్యాండ్ ప్యూరిటీ రింగ్ రెండో ఆల్బమ్ 'అనదర్ ఎటర్నిటీ' పేరెత్తితే చాలు, మొదటి ఆల్బమ్ 'ష్రైన్స్'ని ప్రాణంగా విన్నవాళ్ల నోట ఒకటే మాట వస్తుంది: అమ్ముడుపోయారు, కమర్షియల్ అయిపోయారు. నేనూ 'ష్రైన్స్'ని అలాగే విన్నాను, ఇప్పటికీ వింటున్నాను, అయినా ఆ మాటతో నాకు పేచీ ఉంది. పాప్ వైపు పోవడం నేరమేమీ కాదు, నలుగురూ పాడుకునే పల్లవి కట్టడం చాలా కష్టమైన పని. నా బాధ వేరే. ఈ ఆల్బమ్‌లో మెగన్ జేమ్స్ గొంతుని శుభ్రంగా తుడిచి తెచ్చి మన ముందు నిలబెట్టారు, దాంతో ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియక మనం చెవులు రిక్కించి వినే పరిస్థితి పోయింది. కొన్ని పాటల్లో పోయినదాని బదులు ఇంకోటి దొరికింది, అది గొప్పగానే ఉంది. కొన్నింట్లో ఏమీ దొరకలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. బ్యాండ్ అంటే ఇద్దరే. మాటలు రాసి పాడేది మెగన్ జేమ్స్, సంగీతమంతా కోరిన్ రాడిక్. ఇద్దరిదీ కెనడాలోని ఎడ్మంటన్. అంతకు ముందు గాబుల్ గాబుల్ అనే బ్యాండ్‌లో ఉండేవాళ్లు, 2010లో ఇద్దరూ కలిసి ఇది మొదలుపెట్టారు, 2011లో 'అన్‌గర్త్‌డ్' అనే పాట నెట్‌లో పెడితే దాంతోనే పేరొచ్చింది. 2012 జూలైలో 'ష్రైన్స్' వచ్చింది, బ్రిటన్‌కి చెందిన ఫోర్ ఏడీ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి. మరుసటి ఏడు కెనడాలో ఇచ్చే పొలారిస్ మ్యూజిక్ ప్రైజ్ తుది జాబితాలో కూడా నిలిచింది. ఆ ఆల్బమ్ చేసే రోజుల్లో ఒకరు మాంట్రియల్‌లో, ఒకరు హాలిఫాక్స్‌లో ఉండేవాళ్లు, రోడ్డు మీద పోతే మధ్యలో వెయ్యి కిలోమీటర్ల పైనే. కోరిన్ బీట్ చేసి పంపేవాడు, ఆమె తన డైరీల్లో రాసుకున్న మాటల్లోంచి తీసి దాని మీద పాడి తిరిగి పంపేది. ఆ దూరం పాటల్లో నిజంగానే వినిపిస్తుంది. బీట్ ఒక గదిలో, గొంతు పక్క గదిలో, మధ్యలో మూసిన తలుపు.

ఆ రోజుల్లో హన్మకొండ, కాజీపేట వైపు హాస్టళ్లలో పాటలు పెన్‌డ్రైవ్‌ల మీదే తిరిగేవి. ఎవరో సీనియర్ ఒక ఫోల్డర్ ఇస్తే అందులో ఎమ్ ఎయిటీత్రీ, బీచ్ హౌస్, కాక్టో ట్విన్స్, వీళ్లు, అందరూ కలగలిసి ఉండేవాళ్లు. ఏది ఏ దేశందో, ఏది ఏ సంవత్సరందో తెలియకుండానే వినేశాం. మన దగ్గర ఇలాంటి బ్యాండ్‌ని స్టేజీ మీద చూసే అవకాశం ఎటూ లేదు, పక్కన కూర్చుని దీని గురించి మాట్లాడేవాళ్లూ తక్కువే, కాబట్టి ఇయర్‌ఫోన్స్‌లో విన్నదే మొత్తం అనుభవం. రాత్రి కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో, పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడుస్తూ. ఇది ఎందుకు చెప్తున్నానంటే 'ష్రైన్స్' అలా ఒక్కరే వినడానికి చేసినట్టు ఉంటుంది, 'అనదర్ ఎటర్నిటీ' మాత్రం హాలు నిండా జనం నిలబడి ఉన్నప్పుడు మోగడానికి చేసినట్టు ఉంటుంది, కాబట్టి మా లాంటి ఊళ్లలో విన్నవాళ్లకి ఈ మార్పు ఇంకా ఎక్కువ తెలిసింది.

'ష్రైన్స్' ఏం చేసిందో సరిగ్గా చెప్పుకోకపోతే తర్వాత ఏం మారిందో అర్థం కాదు, అందుకే కొంచెం టెక్నికల్‌గా చెప్తాను, ఓపిక పట్టండి. బీట్ అంతా అమెరికా దక్షిణాది ర్యాప్ నుంచి తెచ్చుకున్నది. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషిన్ ఉంది కదా, పొట్టలో తగిలే ఆ లోతైన కిక్, టకటకమని చకచకా కొట్టుకునే హై-హ్యాట్, ఆ తరహా. నడక మాత్రం నెమ్మది. దాని మీద సింథ్‌లు, అంటే కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డులు. కిక్ పడిన ప్రతిసారీ మిగతా శబ్దమంతా ఒక్క క్షణం కిందికి ఒంగి మళ్లీ లేస్తుంది, దీన్ని సైడ్‌చెయిన్ అంటారు, డ్యాన్స్ పాటల్లో అందరూ వాడేదే. అయితే అంత నెమ్మది పాటల్లో వాడేసరికి పాటే ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. ఇక మెగన్ గొంతుని ముక్కలు కోసి, కొన్ని ముక్కల్ని శ్రుతి దించి మగ గొంతులా, కొన్నింటిని పైకి లేపి పసిపిల్ల గొంతులా మార్చి, పాట నిండా చల్లేశాడు కోరిన్. ఏది మాట, ఏది వాయిద్యం అన్నది చాలాసేపటి దాకా తేలదు.

ఇంత తియ్యటి గొంతు చెప్పే మాటలేమో ఒళ్లు జలదరించేవి. 'ఫైన్‌ష్రైన్' ప్రేమపాటే, కానీ ఆ ప్రేమలో ఆమె తన రొమ్ము ఎముక కోసి, పక్కటెముకలు తెరిచి, లోపలికి రమ్మని పిలుస్తుంది. మొదటిసారి వింటే ఇదేదీ తెలియదు, జోలపాటలా ఉంటుంది. గొంతు వెనకాల ఉంది కాబట్టి మాటలు ఒకటొకటిగా, కొన్ని రోజుల తర్వాత చెవికి అందుతాయి, అప్పుడు పాట మొత్తం తిరగబడుతుంది. ఆ ఆలస్యమే ఆ ఆల్బమ్ బలం. అర్థం చేతికి రావడానికి పట్టే ఆ సమయంలోనే భయం పుడుతుంది.

అయితే ఒకటి గమనించండి, అప్పుడు కూడా వీళ్లు పాప్ బ్యాండే. 'ఫైన్‌ష్రైన్' పల్లవి ఒక్కసారి వింటే వారం రోజులు వదలదు. 'ఒబిడియర్', 'లాఫ్టిక్రైస్' కూడా అంతే. 2013లో డానీ బ్రౌన్ అనే ర్యాపర్ ఆల్బమ్ 'ఓల్డ్'లో ఒక పాటకి వీళ్లు పనిచేశారు, ఆ రోజుల్లోనే సోల్జా బాయ్ అనే ర్యాపర్ పాటని తమ పద్ధతిలో పాడి విడుదల చేశారు. అంటే రేడియోలో మోగే సంగీతం వైపు వీళ్ల చెవి మొదటి నుంచీ ఉంది. 2015లో హఠాత్తుగా ఎవరో వచ్చి డబ్బిచ్చి మార్చేశారన్నట్టు మాట్లాడటం అన్యాయం.

'అనదర్ ఎటర్నిటీ' 2015 మార్చిలో వచ్చింది, అదే లేబుల్. 10 పాటలు, దాదాపు 35 నిమిషాలు, ఎక్కడా సాగదీత లేదు. ఈసారి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చేశారు, సొంత ఊరు ఎడ్మంటన్‌లో చాలా పని జరిగింది. మిక్సింగ్‌లో జేసెన్ జాషువా చేయి పడింది, ఈయన బియాన్సే లాంటి పెద్ద పాప్ స్టార్ల పాటలు మిక్స్ చేసిన మనిషి. మిక్సింగ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో: రికార్డు చేసిన శబ్దాల్లో ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి, ఏది ఎంత గట్టిగా ఉండాలి అని తేల్చే పని. పెద్ద పాప్ పాటల్లో ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు, పాడేవాళ్ల గొంతు అందరికంటే ముందు. మొదటి పాట 'హార్ట్‌సై'లో మెగన్ నోరు తెరవగానే తెలిసిపోతుంది. ప్రతి అక్షరం స్పష్టం. వెనక మోగుతున్నవన్నీ ఆమెకి దారిచ్చి పక్కకి తప్పుకుంటాయి.

మా చిన్నాన్న కొడుకుకి రెండు ఆల్బమ్‌లూ వినిపించాను, వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. 'ష్రైన్స్' రెండు పాటలు విని ఫోన్ పక్కన పెట్టేశాడు. ఇది మొదలవగానే మాత్రం, "ఇది మంచిగుంది అన్నా, ఏం పాడుతుందో సమజైతుంది, మా కాలేజీ ఫెస్టుల ఏసినా నడుస్తది" అన్నాడు. వాడి మాటని తేలిగ్గా తీసిపారేయలేం. అర్థం కావడం ఒక సుఖమే, దాన్ని ఇవ్వడం తప్పు కాదు. అయితే గొంతు ముందుకొచ్చినప్పుడు పాట బరువంతా మాటల మీద పడుతుంది. ఇంతకుముందు మసక మోసిన బరువుని ఇప్పుడు మాటలే మోయాలి. అక్కడే ఈ ఆల్బమ్ రెండుగా చీలిపోతుంది.

ముందు మోసిన పాటల గురించి. 'బిగిన్ అగైన్' నా లెక్కలో వీళ్లు చేసిన అన్ని పాటల్లోకి ఒకటో రెండో స్థానంలో ఉంటుంది. ఒకరు భూమి, ఒకరు చంద్రుడు, పగిలిపోయాక మళ్లీ మొదలవ్వడం, ఇదీ పాటలో ఉన్న ఊహ. చెప్పుకుంటే పాతదే, ప్రేమపాటల్లో చంద్రుడు లేనిదెక్కడ. కానీ ఇక్కడ సంగీతం ఆ ఊహని నిజంగా చేసి చూపిస్తుంది. చరణమంతా నేల మీద ఉన్నట్టు చిన్న శబ్దాలతో నడుస్తుంది, పల్లవి దగ్గరికి రాగానే కింద నేల తీసేసినట్టు సింథ్‌లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, కొంచెం ఆగి, మళ్లీ అదే, ఇంకా పెద్దగా. స్టేడియంలో మోగే డ్యాన్స్ పాటల్లో డ్రాప్ అంటారే, అదే పద్ధతి. వాళ్లలో చాలామంది డ్రాప్‌ని జనాన్ని ఎగిరించడానికి వాడతారు, ఇక్కడ అది వచ్చినప్పుడు నాకు ఎగరాలనిపించదు, ఏదో చాలా పెద్దది మీద నుంచి పోతున్నట్టు అనిపిస్తుంది. స్పష్టమైన గొంతు లేకపోతే ఈ పాట పనిచేయదు. ఆ విశాలం ముందు ఒక చిన్న మనిషి గొంతు విడిగా వినపడాలి, వినపడుతుంది. పాప్ మిక్సింగ్ ఈ పాటకి అవసరమే అయింది.

'బాడీయేక్' కూడా అంతే గట్టిది. అందరికంటే తేలిగ్గా నోటికెక్కే పల్లవి ఇదే, వెలుగున్న పాట, చేతులూపుతూ పాడుకోవచ్చు. మాటలు మాత్రం ఒళ్లు నొప్పి పుట్టేదాకా ఏడ్చిన మనిషివి. ఈ వైరుధ్యం 'ష్రైన్స్'లోనూ ఉంది, అక్కడ తియ్యటి గొంతు కింద దాగిన ఎముకలు, ఇక్కడ వెలుగున్న పాటలో దాచుకోకుండా చెప్పిన ఏడుపు. దాచుకోకపోవడంలోనూ ఒక ధైర్యం ఉంది. 'రెపిటిషన్'లో తనని చూడటాన్ని నిప్పుతో పోల్చే చోట పాత మెగన్ కనిపిస్తుంది, ఆ పాట నడక కూడా నిదానం, నాకు బాగా ఇష్టం. 'పుష్ పుల్' ఆల్బమ్ కంటే ముందే బయటికొచ్చిన పాట, పాత అభిమానులకి మొదటి టెన్షన్ పెట్టింది అదే, ఇప్పుడు వింటే చాలా మెత్తగా, అందంగా ఉంది, అంత గోల ఎందుకు చేశారో అనిపిస్తుంది.

ఇక మోయలేని పాటలు. 'స్ట్రేంజర్ దాన్ ఎర్త్', 'ఫ్లడ్ ఆన్ ద ఫ్లోర్'. రెండూ మంచి స్పీకర్ల మీద దుమ్ము రేపుతాయి, కాదనను. కారులో పెట్టుకుని ములుగు రోడ్డు మీద పోతుంటే 'ఫ్లడ్ ఆన్ ద ఫ్లోర్' బేస్ సీటు కిందికి దిగుతుంది. కానీ అందులో ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది. శబ్దాలు పోగవుతాయి, పైకి ఎక్కుతాయి, ఒక్క క్షణం ఖాళీ, ఆ తర్వాత దెబ్బ. ఆ ఏళ్లలో వచ్చిన ప్రతి ఫెస్టివల్ పాటలోనూ ఇదే మెట్ల వరుస. కోరిన్ శబ్దాలు వాటి కంటే శుభ్రంగా, అందంగా ఉంటాయి, మెట్లు మాత్రం అవే. అలాంటి చోట మెగన్ ఎంత వింత మాట రాసినా అది దెబ్బ కోసం ఎదురుచూసే సమయంలో కొట్టుకుపోతుంది. నాకు ఈ ఆల్బమ్ మీద ఉన్న అసలు ఫిర్యాదు ఇదే. పాప్ అయినందుకు కాదు, పాప్‌లోని ఒకే ఒక్క అలవాటుని రెండు మూడు సార్లు తిప్పి వాడినందుకు.

బతుకమ్మ పాటల సంగతి చూడండి. పద్మాక్షి గుండం దగ్గరో, వేయిస్తంభాల గుడి దగ్గరో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడేటప్పుడు ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు ఉయ్యాలో అంటారు, చప్పట్లు పడతాయి, చప్పట్టుకీ చప్పట్టుకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో అడుగు పడుతుంది, పక్కావిడ ఊపిరి వినిపిస్తుంది, ఎవరో ఒక మాట మర్చిపోయి నవ్వుతారు. అదే పాట ఇప్పుడు డీజే బాక్సుల్లో వస్తే ఆ ఖాళీలన్నీ కిక్‌తో నిండిపోతాయి. పిల్లలు బాగా ఆడతారు, ఆడనివ్వండి, డీజే పాటల్లో కూడా పాడే అమ్మాయి గొంతులో ఊరి మట్టి మిగిలి ఉన్నవి నాకు చాలా ఇష్టం. ఖాళీ పోయినా గొంతు మిగిలితే పాట బతుకుతుంది. గొంతుని కూడా ఆటోట్యూన్‌తో సాపు చేసేస్తే ఇక ఏ ఊరి పాటైనా ఒకటే. ప్యూరిటీ రింగ్ విషయంలో ఖాళీలు చాలావరకు నిండిపోయాయి, గొంతు మాత్రం మిగిలింది. మెగన్ గొంతు ఇంకెవరి గొంతులానూ ఉండదు, ఎంత తుడిచినా.

మసక గొంతుతో కలలా సాగే ఇలాంటి పాప్‌ని డ్రీమ్ పాప్ అంటారు. స్పష్టంగా పాడితే అది చచ్చిపోతుందని వాదించేవాళ్లకి ఇదే లేబుల్ చరిత్రలో జవాబుంది. కాక్టో ట్విన్స్. స్కాట్లాండ్ వాళ్లు, డ్రీమ్ పాప్ అన్న మాటకి చాలావరకు కారణం వాళ్లే. వాళ్ల గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ ఏళ్ల తరబడి మాటలా కాదా అని తెలియని శబ్దాలు పాడింది, జనం ఆ తెలియకపోవడాన్నే ప్రేమించారు. 1990లో ఫోర్ ఏడీ నుంచే 'హెవెన్ ఆర్ లాస్ వేగాస్' వచ్చింది, అందులో మాటలు మునుపటి కంటే బాగా వినపడతాయి, పాటలు పొట్టిగా, బిగువుగా, నోటికి అందేలా ఉంటాయి. ఆ బ్యాండ్ ఆల్బమ్‌లలో అదే అన్నింటికంటే మంచిదని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. కాబట్టి వెలుతురులోకి రావడం వల్లే అందం పోతుందన్నది అబద్ధం. అయితే ఒక తేడా ఉంది. కాక్టో ట్విన్స్ వెలుతురులోకి వచ్చినప్పుడు పాటల నిర్మాణం వాళ్లదే, రాబిన్ గుత్రీ గిటారు ఎవరి మెట్లూ ఎక్కలేదు. కోరిన్ ఆ రెండు మూడు పాటల్లో పక్కవాళ్ల మెట్లు ఎక్కాడు.

2015లో మారింది వీళ్లొక్కరే కాదు. మాంట్రియల్‌లో ఇంట్లో కూర్చుని 'విజన్స్' చేసిన గ్రైమ్స్ కూడా ఫోర్ ఏడీ మనిషే, ఆ ఆల్బమ్ 2012దే, ఆమె కూడా 2015లోనే 'ఆర్ట్ ఏంజెల్స్'తో పాప్‌లోకి దూకింది. ఆమె దూకుడు ఇంకా ఎక్కువ, గిటార్లు, కేకలు, ఒక పాటకీ ఇంకో పాటకీ సంబంధం ఉండదు. నాకు ఆ ఆల్బమ్‌లో ధైర్యం ఎక్కువ కనిపిస్తుంది, ఇందులో పనితనం ఎక్కువ కనిపిస్తుంది. గ్లాస్గో బ్యాండ్ చర్చెస్ మొదటి నుంచీ పాపే, కాబట్టి వాళ్లని మారారని అనడం కష్టం, కానీ 2018లో గ్రెగ్ కర్స్టిన్ లాంటి పేరున్న పాప్ నిర్మాతతో కలిసి 'లవ్ ఈజ్ డెడ్' చేసినప్పుడు వాళ్ల పదును మొద్దుబారింది. దాని పక్కన పెడితే 'అనదర్ ఎటర్నిటీ' ఎంత జాగ్రత్తగా చేసిందో తెలుస్తుంది. వీళ్లు ఒకరిని మిక్సింగ్‌కి పిలిచారు కానీ పాటలు కట్టే పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

పాటలు ఇంకొకరికి ఇచ్చింది మాత్రం 2017లో. కేటీ పెర్రీ ఆల్బమ్ 'విట్నెస్'లో మూడు పాటలు వీళ్లతో కలిసి చేసినవి: 'మైండ్ మేజ్', 'మిస్ యూ మోర్', 'బిగ్గర్ దాన్ మీ'. ఇవి తప్పకుండా వినండి. వీళ్ల సంగీతంలో ఏది ఎవరిదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు. కోరిన్ శబ్దాలు అలాగే ఉన్నాయి, ఆ సింథ్‌లు, ఆ ఊపిరి, గొంతు ముక్కలు. కేటీ పెర్రీ బాగానే పాడింది, 'మిస్ యూ మోర్' నిజంగా మంచి పాట. కానీ ఎక్కడా భయం లేదు, శరీరం లేదు. ఎముకలు, నరాలు, చెమట, మట్టి, ఇవన్నీ మెగన్ డైరీలోవి, అవి వేరే గొంతుకి మారలేదు. ఈ మూడు పాటలు విన్నాక మళ్లీ 'అనదర్ ఎటర్నిటీ'కి వస్తే అది ఎంత వింత ఆల్బమో అప్పుడు వినిపిస్తుంది. దాన్ని మామూలు కమర్షియల్ పాప్ అన్నవాళ్లు మామూలు కమర్షియల్ పాప్ ఎక్కువ వినలేదని నా అనుమానం.

స్టేజీ సంగతి కూడా ఒక మాట. వీడియోల్లో చూసిందే, కానీ చూడాల్సిందే. కోరిన్ ముందు లాంతర్లలాంటి దీపాలు వరుసగా ఉంటాయి, కర్రలతో వాటిని కొడితే సింథ్ స్వరం మోగుతుంది, దీపం వెలుగుతుంది. తన కోసం తయారు చేయించుకున్న వాయిద్యం అది. మెగన్ వేసుకునే బట్టలు చాలావరకు తను కుట్టుకున్నవే. ల్యాప్‌టాప్ తెరిచి బటన్ నొక్కి నిలబడే ఎలక్ట్రానిక్ బ్యాండ్‌లు ఎన్నో ఉన్న కాలంలో, ఏ శబ్దం ఎప్పుడు పుట్టిందో జనానికి కంటితో కనపడాలని ఇంత కష్టపడ్డవాళ్లు వీళ్లు. పెద్ద హాళ్లలో ఆడాలన్న కోరిక ఆ దీపాల్లోనే ఉంది, పాటలు కూడా ఆ హాళ్ల సైజుకి పెరిగాయి, అంతే.

తర్వాత ఏమైందో కూడా తెలుసుకుంటే మంచిది. 2020 ఏప్రిల్‌లో మూడోది 'వూంబ్' వచ్చింది, మన దగ్గర లాక్‌డౌన్ మొదలైన కొత్తలో. అందులో డ్రాప్‌లు తగ్గాయి, శబ్దం మళ్లీ లోపలికి తిరిగింది, గొంతు మాత్రం ముందే ఉండిపోయింది. 'స్టార్‌డ్యూ' వినండి, 2015లో నేర్చుకున్న స్పష్టతా, 2012 నాటి మెత్తదనమూ రెండూ ఉన్న పాట అది. 2022లో 'గ్రేవ్స్' అనే ఈపీని, అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డుని, సొంత లేబుల్ మీద తెచ్చుకున్నారు. అమ్ముడుపోయిన బ్యాండ్ చేసే పనులైతే ఇవి కావు.

ఎలా వినాలో చెప్తాను. ఫోన్ స్పీకర్ మీద వద్దు, సగం ఆల్బమ్ అందులో వినపడదు, ఆ లోతైన కిక్ మాయమైపోయి మెగన్ గొంతు ఒక్కటే సన్నగా మిగులుతుంది, అప్పుడు ఇది నిజంగానే చవక పాప్‌లా అనిపిస్తుంది. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ అయినా చాలు, కొంచెం బేస్ ఉంటే చాలు. కొత్తగా వినేవాళ్లు 'బాడీయేక్', 'బిగిన్ అగైన్', 'రెపిటిషన్' ముందు వినండి, నచ్చితే మొత్తం ఆల్బమ్ వరసగా, ఆ తర్వాతే 'ష్రైన్స్'. పాతవాళ్లు, ఎప్పుడో 2015లో రెండు పాటలు విని కోపంతో పక్కన పెట్టేసినవాళ్లు, చివరి పాట 'స్టిల్‌నెస్ ఇన్ వో' నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి, మీకు కావాల్సిన నిదానం ఆ చివర్లో ఉంది.

మార్కులు వేయమంటే అయిదుకి 'ష్రైన్స్'కి నాలుగున్నర, దీనికి మూడున్నర ఇస్తాను. ఆ చివరి అర మార్కు 'బిగిన్ అగైన్' ఒక్కదానికే.